అది నిక్కే అని రాశాను

పటాన్‌చెరులో మా రేకుల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో నేను నేర్చుకున్న ఇంగ్లీషు మాట ‘నిక్’. కత్తిరింపు బ్లేడు అంచు రవ్వంత విరిగితే నిక్. రేకు మీద గాటు పడితే నిక్. పొద్దున గడ్డం గీసుకుంటూ తెగ్గోసుకొని వచ్చినా మా మేనేజరు నోట అది నిక్కే. మనుషుల చేతులకు అయ్యే గాట్లన్నీ రాసే ప్రథమ చికిత్స రిజిస్టరు నా దగ్గర ఉండేది. అందులో ఆ మాట రాయని రోజు లేదు.

గేటు దగ్గర ‘ప్రమాదం లేని రోజులు’ అని ఒక బోర్డు ఉంది. రిజిస్టరులో ‘గాయం’ అని పడిందా, ఆ అంకె సున్నాకు వస్తుంది, షిఫ్టు షిఫ్టంతా రాసినవాణ్ణి కొరకొరా చూస్తుంది. ‘నిక్’ అని రాస్తే బోర్డు కదలదు. ఇలా రాయమని నాకెవరూ చెప్పలేదు. చేరిన వారంలోనే పసిగట్టి, ఎంత తెలివైనవాణ్ణో అని మురిసిపోయాను కూడా.

ఒకరోజు కత్తిరింపు మిషన్ మీద పనిచేసే ఒకాయన తన కుడి చెయ్యి పట్టుకొని వచ్చాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. కుడి చూపుడు వేలు మొదట్లో, అరచేతి వైపు, వడ్లగింజంత గాటు. నెత్తురు కూడా పెద్దగా లేదు.

“వేలు మంచిగ ముడుసుకుంటలేదు సార్. దవాఖానకు పోవాల్నా?”

“అబ్బే, వాపు అన్నా. రెండు రోజుల్లో తగ్గిపోతుంది.”

పట్టీ వేసి రిజిస్టరు తీశాను. ఆయన వంగి చూశాడు.

“ఏం రాస్తున్రు సార్?”

“నిక్ అని. అంటే ఏం కాలేదని.”

ఆయన మొహం తేటపడింది. నవ్వుకుంటూ మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. నా బుద్ధి గడ్డి తిన్నది, ఆ వేలు ఒక్కసారి ముడిచి చూపించమని కూడా అడగలేదు.

మూడు వారాల తర్వాత క్యాంటీన్‌లో ఆయన ఎడమ చేత్తో స్పూను పట్టుకొని అన్నం తినడం చూశాను. ఏమైందని అడిగితే కుడి చెయ్యి చాపి పిడికిలి బిగించాడు. మూడు వేళ్ళూ బొటనవేలూ ముడుచుకున్నాయి. చూపుడు వేలు నిటారుగా నిలబడి ఉంది.

అప్పటికప్పుడు బండి మీద ఎక్కించుకొని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ వేలు కదిలించి చూసి తలెత్తింది.

“పైన గాటు చిన్నదే. లోపల వేలిని లాగి ముడిచే తాడులాంటి స్నాయువు పూర్తిగా తెగింది. వెంటనే వచ్చి ఉంటే కుట్టేవాళ్ళం. ఇప్పుడది వెనక్కి లాక్కుపోయింది. పెద్ద ఆపరేషన్ చేసినా మళ్ళీ వంగుతుందని చెప్పలేను. మొదట చూసిందెవరు?”

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఆయన కూడా నా పేరు చెప్పలేదు.

బయటికి రాగానే, సిగ్గుతోనో భయంతోనో, ఆయన మీదే ఎగిరాను. “ఇన్ని రోజులు ఎందుకు ఊరుకున్నావన్నా? నీ వేలు నీకు తెలియదా?”

ఆయనకు కోపం రాలేదు.

“మా ఇంటామె రోజు లొల్లి వెట్టింది సార్, దవాఖానకు పోదాం పా అని. నేనే కసిరిన. సార్ బుక్కుల రాసిండు, ఏం గాలే, సదువుకున్నోనికంటె నీకెక్వ ఎర్కనా అన్న.”