గాలి పీల్చని లారీ కోసం కుప్పం దాకా

మా అక్క గంగులమ్మ ఎవరినీ ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. అలాంటిది ఎనభైల మొదట్లో ఒక కార్తీక మాసంలో, కుప్పం నుంచి వచ్చిన బంధువు చేత నాకు కబురు పంపింది. "లారీకి బ్రేకు సరిగ్గా పడేది లేదంట. ఓనరేమో మా ఆయనకే వయసైపోయిందని దిగిపొమ్మంటాండాడు. సోమవారం కొత్త డ్రైవరు వస్తాడంట. సీనప్పను ఒకసారి వచ్చి సూడమని సెప్పు." ఆ కబురు నాకు అందింది గురువారం సాయంత్రం. శుక్రవారం షెడ్డుకు తాళం వేశాను.

నాది మదనపల్లెలో చిన్న రిపేరు షెడ్డు. ట్రాక్టర్లు, జీపులు, గాలి బ్రేకుల లారీలు నా చేతి కింద చాలానే బాగయ్యాయి. కానీ మా బావ మునెప్ప నడిపే లారీ అంతకు ముందు తరానిది. దానికి వాక్యూమ్ బ్రేకులు. ఇంజను పక్కన ఉన్న ఒక పంపు ఒక ట్యాంకులోని గాలినంతా లాగేస్తుంది. డ్రైవరు పెడలు తొక్కినప్పుడు ఆ ఖాళీని వాడుకుని, బూస్టరు అనే పెద్ద గుండ్రటి డబ్బా అతని కాలి బలాన్ని నాలుగింతలు చేస్తుంది. ఇదంతా నేను పుస్తకంలో బొమ్మ చూసి తెలుసుకున్నదే తప్ప, ఆ సామానును విప్పి చూసింది లేదు. ఆ మాట అక్కకు చెప్పకుండా బయలుదేరాను.

పొద్దున ఆరు గంటల బస్సుకు పుంగనూరు టికెట్టు తీసుకున్నాను. చలికి కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి, లోపల బీడీ పొగ, ఎవరిదో బుట్టలో కొత్తిమీర వాసన. నా పక్కన సోమలకు పోయే ఒక పెద్దామె కూర్చుంది. బస్సు గతుకులో పడినప్పుడల్లా నా సంచి గలగలమంటుంటే ఆమెకు కుతూహలం ఆగలేదు.

"ఏముండాదప్పా ఆ సంచిలో, ఇత్తడి సెంబులా?"

"స్పానర్లమ్మా. లారీ రిపేరుకు పోతాండా."

"అట్లయితే ఈ బస్సును కూడా ఒక సూపు సూసి పోరాదా, నా నడుములు ఇరిగిపోతాండాయి" అంది. ముందు సీట్లవాళ్లు నవ్వారు, కండక్టరు మాత్రం నవ్వలేదు.

పుంగనూరులో దిగి బస్టాండు పక్కన రెండు ఇడ్లీలు, కాఫీ కానిచ్చాను. అక్కడ కాఫీ బాగుంటుంది, ఇడ్లీ మాత్రం వేడిగా ఉన్నప్పుడే తినాలి. తర్వాత పాత సామాన్ల అంగడి బాషాభాయ్ దగ్గరకు వెళ్లాను. ఆ చుట్టుపక్కల పాత లారీ ఏది విరిచినా దాని పేగులన్నీ చివరికి చేరేది ఆయన అంగడికే. బూస్టరు ఒకటి ఉంటే తీసుకుపోదామని నా ఆలోచన.

బాషాభాయ్ నా మాటంతా విని తల అడ్డంగా ఊపాడు. "నక్కో భాయ్. జబ్బేదో తెలీకుండా మందు కొంటావా? ఈ రబ్బరు పైపు ఒకటి ఎత్తుకుపో. పైకి బాగానే కనబడతాది, లోపల పొర ఊడి మూసుకుంటాది. నేను సూసినవాటిలో సగం రోగాలు అవే. అదీ కాకపోతే అప్పుడొచ్చి బూస్టరు అడుగు" అన్నాడు. అమ్ముకునేవాడే వద్దంటే ఇంక వాదించేదేముంది? పైపు సంచిలో పెట్టుకున్నాను.

పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ బస్సు మారి వి.కోట మీదుగా కుప్పం. ఈ దారిన పోయేవాళ్లకు ఒక మాట. పలమనేరులో బస్సు ఎక్కేటప్పుడు సీటుకు తువ్వాలు వేస్తే చాలనుకోకండి, మనిషి కూడా దానిమీద కూర్చోవాలి. నా తువ్వాలును మర్యాదగా మడిచి నా చేతికే ఇచ్చి, ఒకాయన నా సీట్లో శాంతిపురం దాకా నిద్రపోయాడు. నేను నిలబడే రాళ్ల గుట్టలు, వేరుశనగ పీకేసిన చేలు, దూరంగా బండలు కొట్టే చోట లేచే తెల్ల దుమ్ము చూస్తూ పోయాను. కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. బస్టాండులో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే నోట వినిపిస్తాయి, మనకు ఏది వస్తే అందులో జవాబు చెప్పుకోవచ్చు.

అక్క రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. బావ ఎదురుగా కూర్చున్నాడు గానీ సరిగా తినలేదు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ నన్ను ఆటపట్టించకుండా ముద్ద మింగేవాడు కాదు. ఆ రోజు అక్క లోపలికి వెళ్లాక మెల్లగా అన్నాడు.

"లారీని ఏమీ అనబాకు సీనా. నా కాలే సచ్చుబడినట్టుండాది. పోయిన వారం సంతకాడ ఒక ఎనుము అడ్డమొచ్చింది. పెడలు మీద నిలబడినట్టే తొక్కినా, ఆగలా. ఎనుముది అదృష్టం, పక్కకు పోయింది."

"ఓనరు తొక్కి సూసినాడా?"

"సూసినాడు. నిదానంగా తొక్కినాడు, నిలిసింది. బ్రేకు బాగుండాది, నీకే పస తగ్గిందన్నాడు. నేనేం సెప్పేది?"

ఆ మాట విని నాకు ఒళ్లు మండింది. ఓనరు మీద కాదు, ఆ మాటను నమ్మేసిన మా బావ మీద.

లారీ ఓనరు చెంగప్ప ఇల్లు ఊరి చివర, శాంతిపురం రోడ్డు మీద. పెరట్లో లారీ ఆపి ఉంది. చెంగప్ప మంచివాడే, కాకపోతే తాను ఒకసారి అన్న మాటను తానే వెనక్కు తీసుకోవాలంటే ప్రాణం పోయినట్టుంటుంది. అరుగు మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలుస్తారు. "సూసుకోప్పా, నేనేం వద్దన్లేదే" అన్నాడు చెంగప్ప, కుర్చీ నీడలోకి జరుపుకుంటూ.

ముందు బాషాభాయ్ మాట ప్రకారం పైపు విప్పాను. లోపల శుభ్రంగా ఉంది. ఇంజను స్టార్టు చేయించి పంపు నోటికి బొటనవేలు పెట్టాను. వేలు ఊడదీసుకోవడానికి కష్టపడాల్సి వచ్చింది. అంటే పంపు బాగుంది. పైపులు మళ్లీ బిగించి, బావ దగ్గర బీడీ వెలిగించి తీసుకుని, ప్రతి అతుకు దగ్గరా పెట్టి చూశాను. ఎక్కడైనా చీలిక ఉంటే పొగ లోపలికి పోవాలి. పొగ ఎక్కడా వంగలేదు, నిటారుగా పైకి పోయింది. ఇంజను ఆపి, కాసేపాగి ట్యాంకు పైపు వదులు చేస్తే బుస్సుమంది. అంటే ట్యాంకులో ఖాళీ నిలిచే ఉంది, అదీ బాగుంది.

అన్నీ బాగుంటే మిగిలింది బావ కాలే కదా. చెంగప్ప కుర్చీలో ఇంకొంచెం వెనక్కు వాలాడు. నాకు భయం వేసింది. వచ్చినవాణ్ణి ఊరికే ఉండక, ఓనరు మాటకు నేనే సాక్ష్యం చెప్పి పోతానేమో అనిపించింది.

బావను క్యాబిన్‌లో కూర్చోబెట్టి మళ్లీ అడిగాను. "నిదానంగా తొక్కితే యెట్లుండాది, గబుక్కున తొక్కితే యెట్లుండాది?"

"నిదానంగా తొక్కి పట్టుకుంటే కొంచేపటికి దిగతాది. గబుక్కున తొక్కితే బండరాయే."

కాలు చచ్చుబడితే రెండింటికీ ఒకేలా ఉండాలి. లారీ కింద పడుకుని ఆ మాటనే నమిలాను. ఖాళీ ఒక్కటే ఏ పనీ చేయదు. బూస్టరులో ఒక పక్క ఖాళీ ఉంటే, రెండో పక్కకు బయటి గాలి వచ్చి తోయాలి. ఇంతసేపూ గాలి ఎక్కడ దొంగతనంగా దూరుతోందా అని వెతికాను గానీ, అది దర్జాగా రావలసిన వాకిలి ఎక్కడుందో చూడలేదు.

బూస్టరు నుంచి బయలుదేరిన సన్న పైపును వేలితో పట్టుకుని పోతే, ఛాసిస్ పక్కన దోసెడంత రేకు డబ్బా దగ్గర తేలాను. ఆ డబ్బాను నేను వచ్చిన వెంటనే చూశాను. పసుపు, కుంకుమ, గంధం దట్టంగా మెత్తి ఉన్నాయి. వాటి కింద రంగు, ఆ రంగు కింద ఇంకా పాత పసుపు. దేవుడి బొట్టు ఉన్నచోట గ్రీజు చేతులు పెట్టడమెందుకని, ఇంతసేపూ దానికి తగలకుండా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశాను.

ట్యాంకు పైపు బిగించి, ఇంజను మళ్లీ స్టార్టు చేయించి, ఇంకో బీడీ వెలిగించి దాని దగ్గర పెట్టి, "బావా, గట్టిగా తొక్కు" అన్నాను. పొగ కదలలేదు. ఆ డబ్బా గాలి పీల్చడం మానేసి ఎన్నాళ్లయిందో. మూత విప్పి, లోపలి జల్లెడ తీసి చెంగప్ప ముందు పెట్టాను. పిండివంటలా గట్టిపడిపోయి ఉంది. నిదానంగా తొక్కితే సందుల్లోంచి కాస్త గాలి పాకేదేమో గానీ, గబుక్కున తొక్కితే దానికి దారే లేదు.

"ఎవురు పెట్టినారు ఈ పసుపు కుంకుమ?" అన్నాను.

అరుగు మీద నుంచి అవ్వ తొణక్కుండా జవాబిచ్చింది. "నేనే పెట్టినానప్పా. ప్రతి ఆయుధపూజకూ పెడతా. అది బ్రేకు డబ్బా అని మునెప్పే ఒకప్పుడు సూపించినాడు. పిల్లోళ్ల ప్రాణాలు దాంట్లోనే గదా ఉండేది, అందుకే మిగతావాటికన్నా దానికి ఎక్కువ పెడతా."

ఆమె మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు. చెంగప్ప జల్లెడను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంగ మీదట బంపరుకు పెట్టుమా, ఎంత పెట్టినా ఏంగాదు" అన్నాడు.

జల్లెడను డీజిల్లో నానబెట్టి, కడిగి, టైరు పంపుతో గాలి కొట్టి ఆరబెట్టాను. బిగించాక బీడీ పెట్టి తొక్కిస్తే, పొగ చురుగ్గా లోపలికి పోయింది. మర్నాడు పొద్దున మదనపల్లెకు బండల లోడు ఎత్తారు. ముందు శాంతిపురం రోడ్డు దిగుడులో చూద్దామని చెంగప్ప తానే మధ్యలో ఎక్కి కూర్చున్నాడు. దిగుడు సగంలో బావ ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. లారీ నిలబడింది. చెంగప్ప మాత్రం నిలబడలేదు, నుదురు అద్దానికి తగిలింది. నుదురు రుద్దుకున్నాడు.

"సోమవారం వాణ్ణి రావద్దని సెప్తాలే మునెప్పా" అన్నాడు. తప్పైందని అనలేదు, అక్కడే దిగి ఇంటిదారి పట్టాడు. ఆ మనిషి నోట అంత మాట రావడమే ఎక్కువ.

తిరుగు ప్రయాణం నాకు టికెట్టు లేని ప్రయాణం. అంత లోడుతో లారీ ఎక్కుడుల్లో మూలుగుతూ, దిగుడుల్లో బుద్ధిగా పోతుంటే, బస్సులో కనపడని చింతచెట్లు, కుంటల్లో నీళ్లు, గొర్రెల మందలు అన్నీ తీరిగ్గా కనపడ్డాయి. వి.కోటలో టీ తాగాము. పలమనేరు దాటి పుంగనూరు దారి పట్టాక, మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గొర్రెలు. నా కాళ్లు రెండూ లేని బ్రేకును తొక్కాయి. బావ ఒక్క కాలితో తొక్కాడు. మందకు ఇంకా బాగా ఇవతలే లారీ ఆగింది. కాపరి మా వైపు చూడను కూడా లేదు.

గొర్రెలు దాటేదాకా బావ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టే ఉన్నాను. ఇన్ని మైళ్లు తిరిగి నేను బాగుచేసింది దోసెడంత డబ్బానే, కానీ ఆ పొద్దున నా పక్కన కూర్చున్నది మళ్లీ మా పాత బావ. నాకు పట్టరాని సంతోషమైంది.

గేరు వేస్తూ ఆయనే అన్నాడు. "మూడు నెలలుగా మొక్కని దేవుడు లేడు సీనా, నా కాలు బాగు సెయ్యమని. పాపం ఆ దేవుడు మాత్రం ఏం సేస్తాడు, బాగుండే కాలును?"