మా కాలేజీలో అన్నీ క్లోరైడ్లే

ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు వారం ముందు మా లెక్చరర్ రివిజన్ మొదలుపెట్టారు. పరమాణువు దగ్గర్నుంచి మొదలుపెట్టారు. రెండేళ్లు నేర్పిందంతా ఒక్క వారంలో మళ్లీ చెప్పడం ఆయనకెట్లా ఉండేదో తెలియదు గానీ, వినే మాకు మాత్రం చాలావరకు కొత్తగానే ఉండేది. వేలెన్సీ అంటే ఒక మూలకానికి పట్టుకునే చేతులు ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క అని ఆయన అన్న మాట నాకు అప్పుడే బుర్రకెక్కింది. ఈ ముక్క మొదటి సంవత్సరంలోనే చెప్పి ఉంటే బాగుండేది కదా అనుకున్నాను. చెప్పే ఉంటారు, మేమే విని ఉండం.

నాకు ఆ పరీక్ష ఒక్కసారికే గట్టెక్కాలి. మా అక్క ఇంటర్ తప్పి, మళ్లీ రాస్తానంటే నాయన ఒప్పుకోలేదు. ఆడపిల్లకు ఒక్కసారే అవకాశం అన్నది అప్పట్నుంచి మా ఇంట్లో చట్టమైంది. ముందటి ఎండాకాలంలోనే నాకూ ఆ చట్టం చదివి వినిపించాడు. "ఒక్క దెబ్బకు పాసైతే అనంతపురంలో డిగ్రీకి పంపిస్తా. తప్పినావంటే మీ అక్క పక్కన కూచోని శెనక్కాయలు వలుచు."

అక్క అప్పుడు అక్కడే కూచుని విత్తనానికి శెనక్కాయలు వలుస్తోంది. తలెత్తి నా వైపు చూసి, మళ్లీ చేటలోకి తల వంచుకుంది. చదువుకోమని నాకు ఎందరో చెప్పారు గానీ, ఆ చూపు చెప్పినంత గట్టిగా ఎవరూ చెప్పలేదు.

రివిజన్‌లో కఠిన జలం వచ్చింది. కఠిన జలంలో సబ్బు నురగ రాదు, మృదు జలంలో వస్తుంది అని సారు చెబుతుంటే, వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి నురగ వచ్చే నీళ్లు యాడుంటాయి సార్ అని అడిగింది. ఆ పిల్ల నిజంగానే అడిగింది, వెక్కిరించలేదు. సారు బోర్డు మీద 'వర్షపు నీరు' అని రాశారు. క్లాసంతా నవ్వింది. వాన ఎప్పుడు పడిందో పెద్దవాళ్లు కూడా తలగోక్కుని చెప్పే ఏడు అది.

ప్రాక్టికల్ పరీక్షలో ఒక తెల్లటి పొడి ఇస్తారు. అది ఏ లవణమో కనిపెట్టాలి. లవణంలో రెండు సగాలుంటాయి, ఒక్కో సగాన్నీ విడిగా పట్టుకోవాలి. రెండో సగం క్లోరైడ్ అయితే పట్టుకోవడం సులభం. పొడిని నీళ్లలో కలిపి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే పాలు విరిగినట్టు తెల్లగా తరకలు కడుతుంది. ఇంత చక్కటి పరీక్షతో మా కాలేజీలో ఒకటే ఇబ్బంది. ఏ పొడి వేసినా తరకలు కట్టేది.

ల్యాబులో ఒక మూల ప్లాస్టిక్ క్యాను ఉండేది. దాని మీద 'స్వేదన జలం' అని ఎర్ర పెయింటుతో రాసి ఉండేది. స్వేదన జలమంటే ఆవిరిని చల్లార్చి పట్టిన నీళ్లు, అందులో ఏమీ కలిసి ఉండకూడదు. అట్లాంటివి ఆ క్యానులోకి ఎప్పుడైనా వచ్చాయో లేదో చూసినవాళ్లు లేరు. ట్యాంకరు వచ్చిన రోజు డ్రమ్ము నింపేవాళ్లు, డ్రమ్ములోంచి క్యాను నింపేవాళ్లు. ట్యాంకరులో వచ్చేది బోరు నీళ్లు. నోట్లో పోసుకుంటేనే ఉప్పగా తగిలే ఆ నీళ్లు సిల్వర్ నైట్రేట్ పడగానే విరిగిపోయేవి.

మా లెక్చరర్ ఈ జిల్లా మనిషే, మంచివాడు. నీళ్లు మార్చడం ఆయన చేతిలో లేదు, అందుకని లవణాలను మార్చారు. పరీక్షకు పొడులు సిద్ధం చేసేది కాలేజీయే కాబట్టి ఏటా అన్నీ క్లోరైడ్లే పెట్టేవారు. దాంతో మా నీళ్లు ఏ జవాబు చెబితే అదే సరైన జవాబయ్యేది. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్లు పిల్లల్ని మెచ్చుకుని, టెంకాయ నీళ్లు తాగి వెళ్లేవాళ్లు. మా సీనియర్లయితే పొడి చేతికి రాకముందే క్లోరైడ్ అని రాసి పెట్టుకుని, మొదటి సగాన్ని మాత్రం తీరిగ్గా వెతుక్కునేవాళ్లట.

నాకు చిన్నప్పట్నుంచి అన్నిట్లో వేలు పెట్టే జబ్బుంది. రివిజన్ మధ్యలో ఒకరోజు, పొడి వేయకుండా వట్టి నీళ్లలోనే సిల్వర్ నైట్రేట్ వేశాను. తెల్లగా విరిగిన ఆ ట్యూబును సారుకు చూపించి, ఇట్లాగైతే ఏది క్లోరైడో ఏది కాదో ఎట్లా తెలుస్తుందని అడిగాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి సింకులో వంపేశారు.

"మనం ఇచ్చేటివన్నీ క్లోరైడ్లే కదమ్మా. ఇంక తెలుసుకునేదానికి ఏముండాది?"

అన్నారే గానీ, పరీక్ష దగ్గరపడ్డాక ఆయన ముఖమే వాడిపోయింది. ఈసారి వచ్చే ఎగ్జామినరు పక్క జిల్లా నుంచి, కాలువ నీళ్లు పారే ఊరి నుంచి వస్తున్నారట. చాలా నిక్కచ్చి మనిషట. పొడులు కూడా తనే తెస్తారట. సారు ఈ సంగతి చెప్పి, భయపడొద్దని మాకు చెప్పి, తాను భయపడుతూ కూచున్నారు. మా క్లాసు మాత్రం నిశ్చింతగా ఉంది. క్లోరైడ్ మీద వాళ్ల నమ్మకం అట్లాంటిది.

నాకు నిద్ర పట్టలేదు. కళ్లు మూసుకుంటే అక్క చేట కనబడేది. అప్పుడు గుర్తొచ్చింది మా ట్రాక్టరు. దాని బ్యాటరీలో పోయడానికి నాయన బత్తలపల్లెలోని బ్యాటరీ షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్ సీసాలు తెచ్చి, గూట్లో దాచి పెట్టేవాడు. బోరు నీళ్లు పోస్తే బ్యాటరీ లోపలి ప్లేట్లు పాడవుతాయని ఆయన భయం. అవే బోరు నీళ్లు ఇంటిల్లిపాదీ తాగేవాళ్లం. మా పళ్ల మీద పచ్చటి గార పట్టినా ఎవరికీ దిగులు లేదు, మళ్లీ మొలవకపోయినా మనుషుల పళ్లే కదా. ట్రాక్టరుకు మాత్రం సీసా నీళ్లు.

పొద్దున్నే ఒక సీసా అడిగాను. చదువుకు నీళ్లు కూడా ఇంటికాన్నుంచే ఎత్తుకపోవల్లనా అని సణిగి, మిగిలినవి పారబోయొద్దని చెప్పి ఇచ్చాడు.

పరీక్షలో ట్యూబులన్నీ ఆ నీళ్లతోనే కడుక్కున్నాను. నాకిచ్చిన పొడిలో క్షారం కలిపి వేడి చేస్తే పశువుల కొట్టం వాసన గుప్పుమంది. మొదటి సగం అమ్మోనియం. తర్వాత సీసా నీళ్లలో పొడి కలిపి సిల్వర్ నైట్రేట్ వేశాను. ఏమీ కాలేదు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఏమీ కాకపోవడం ఎట్లా ఉంటుందో ఆ ల్యాబులో నేనప్పుడే చూశాను. ఇంకో ట్యూబులో బేరియం క్లోరైడ్ వేస్తే తెల్లగా అయింది. అంటే సల్ఫేట్. అమ్మోనియం సల్ఫేట్, ఎరువుల అంగట్లో మూటల్లో అమ్మేదే. ధైర్యంగా రాసేశాను.

ఎగ్జామినరు ఒక్కో బల్ల దగ్గరా పేపరు చూసుకుంటూ వస్తున్నారు. ఎక్కడ చూసినా క్లోరైడే. నా దగ్గరికొచ్చి ఆగి, నువ్వొక్కదానివే ఎట్లా కనిపెట్టావని అడిగారు. సీసా చూపించి, ట్రాక్టరు బ్యాటరీ నీళ్లు సార్ అన్నాను. ఆయన మూలనున్న క్యాను దగ్గరికి వెళ్లి, వట్టి నీళ్లు పట్టి, సిల్వర్ నైట్రేట్ వేసి చూశారు. తర్వాత మా సారు వైపు చూశారు. మా సారు గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు.

ఇద్దరూ వరండాలోకి వెళ్లారు. కిటికీ తెరిచే ఉంది, మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు మార్కులేస్తే ఒక్కరు తప్ప బ్యాచంతా పోతుంది. పైకి రాస్తే పరీక్ష రద్దవుతుంది, మళ్లీ ఎప్పుడు పెడతారో ఎక్కడ పెడతారో తెలియదు. తర్వాత టెంకాయ కొట్టిన చప్పుడైంది. వాళ్లు లోపలికి వచ్చేసరికి, పక్క జిల్లా నుంచి వచ్చిన లవణాలన్నీ కాగితం మీద క్లోరైడ్లు అయిపోయాయి. అంత త్వరగా జరిగిన రసాయనిక చర్యను నేను డిగ్రీలో కూడా చూడలేదు.

మా సారు నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించి మాట్లాడారు.

"నువ్వు రాసిందే రైటు తల్లీ. అందరిలో నీదొక్కటే రైటు. ఇప్పుడు దాన్ని కొట్టేసి క్లోరైడ్ అని రాయి."

రాయకపోతే ఏమవుతుందని అడిగాను.

"అప్పుడు నీదొక్కటే తప్పవుతుంది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ ల్యాబులో మొదటిసారి ఒక నిజం కనిపెట్టింది నేను, దాన్ని నా చేత్తోనే కొట్టేయమంటున్నారు. కానీ తప్పితే రెండోసారి లేదు. సల్ఫేట్ మీద గీత గీసి, పైన క్లోరైడ్ అని రాశాను. ఆ గీత మరీ గట్టిగా గీశానేమో, కాగితం చిరిగింది.

ప్రాక్టికల్స్‌లో నాకు పూర్తి మార్కులొచ్చాయి. థియరీ కూడా గట్టెక్కింది. నాయన మాట తప్పలేదు, జూన్‌లో ట్రంకుపెట్టె మోసుకొచ్చి అనంతపురం హాస్టల్లో దింపిపోయాడు. అదంతా తర్వాతి సంగతి. పరీక్ష జరిగిన సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఆయన ట్రాక్టరు దగ్గర బ్యాటరీ మూతలు విప్పుకుని నా కోసమే చూస్తున్నాడు. అక్క పక్కనే ముగ్గుపిండి జల్లిస్తోంది. మిగిలిన నీళ్ల సీసా ఆయన చేతికిచ్చాను. సీసాను వెలుతురుకు ఎత్తి, ఎంత వాడానో చూశాడు.

"ఏం వచ్చింది పాపా?"

క్లోరైడ్ వచ్చిందని చెప్పాను. అందరికీ ఏమొచ్చిందని అడిగాడు. అందరికీ క్లోరైడేనన్నాను.

"ఆ బోరు నీళ్లతో చేసినోళ్లకు గూడా అదే వచ్చినప్పుడు, మంచి నీళ్లు ఏంటికి పాడు చేసినావు?"

జవాబు నా నోటిదాకా వచ్చింది. చెబితే ఆ మాట ఎంత దూరం పోతుందో, నా పాసు ఏమవుతుందో తెలియక మింగేశాను. అక్క జల్లెడ ఆపి నన్నే చూస్తోంది. నాయన మిగిలిన నీళ్లను ఒక్క చుక్క కింద పడకుండా బ్యాటరీలో పోసి, మూతలు బిగించాడు. తర్వాత లోపలికొచ్చి, కుండలోంచి బోరు నీళ్లు చెంబుతో ముంచుకుని గటగటా తాగాడు.