జ్వరానికి హాజరు

పదమూడేళ్లుగా నేను ఒక ఖండాన్ని బాగుచేస్తున్నాను. ఇంతవరకు అక్కడ అడుగు పెట్టలేదు. పదకొండో అంతస్తులో నా కుర్చీ, కింద రోడ్డు దాటితే తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్, దాని పక్కన రైలు స్టేషన్, రైలెక్కితే యూ టీ అనే పేటలో మా ఫ్లాటు. నా ప్రపంచం అంతే. ఆఫ్రికాలో ఏ ఊరికి ఆసుపత్రి కావాలో, టీకాలు ఏ దారిన వెళ్లాలో, ఎవరు ఎంత దూరం నడవగలరో మాత్రం ఆ కుర్చీలోంచే తేల్చేస్తాను. అన్నేసి దేశాలున్న చోటును మా ఆఫీసులో అందరం 'ఖండం' అనే అంటాం, అదేదో మా పక్క బ్లాకు అయినట్టు.

నన్ను చూసి నవ్వకండి. నాకంటే ముందు దాన్ని బాగుచేయడానికి వెళ్లినవాళ్లూ ఇంతే. హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పడేసి ఈ బల్ల మాదని చోప్ చేసుకుంటామే, అలాగే తెల్లదొరలు పటం మీద స్కేలు పెట్టి గీతలు గీసి దేశాలకు దేశాలనే చోప్ చేసుకున్నారు. గని నుంచి రేవు దాకా రైలు వేశారు. రైలు ఆగిన చోట ఊరు, ఊళ్లో సర్కారు కచేరీ. జనం ఎక్కడున్నారన్నది ఆ పటానికి అనవసరం. మేమిప్పుడు ఆ పటానికే రంగులు వేసి స్లయిడ్లలో పెడుతున్నాం.

ఒక జిల్లా కోసం నేను స్వయంగా ఒక నియమం రాశాను. రోగి ముందు నమోదు కేంద్రానికి వెళ్లి, వేలిముద్ర వేసి, నంబరు తెచ్చుకోవాలి. నంబరుంటేనే ఆరోగ్య కేంద్రంలో చూస్తారు. ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉండదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ పూజారిని నేనే కంప్యూటర్లో తయారుచేసి పెట్టాను. ఆఫీసులో చప్పట్లు కొట్టి కేకు కోశారు.

ఆ జిల్లాలో కొండ అవతల ఒక చిన్న కేంద్రం ఉంది. అక్కడి నర్సు వారానికోసారి వీడియో కాల్లోకి వచ్చేది. మాకు సాయంత్రం, ఆవిడకు పొద్దున్న. వెనకాల బెంచీ మీద ఎప్పుడూ నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉండేవారు.

"మేడమ్, నమోదు కేంద్రం రైలు ఊళ్లో పెట్టారు," అంది ఒకరోజు. "నా దగ్గరికి రావాల్సిన గర్భిణి ముందు అటు ఒక రోజు నడవాలి. నంబరు పట్టుకుని ఇటు ఒక రోజు. నెలలు నిండినవాళ్లు దారిలోనే కనేస్తారు. ఈ నియమం తీసేయండి. మీరు కేంద్రం పెట్టిన ఆ గది ఏమిటో తెలుసా? మా తాతల దగ్గర తెల్లవాళ్లు తలపన్ను కట్టించుకున్న గది."

నేను చాలా ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు, సమాచారం ఎంత ముఖ్యమో ఆవిడకు చెప్పాను. గది గురించి మాత్రం నోట్సులో రాసుకున్నాను: 'పాత కట్టడం, పైకప్పు గట్టిది.'

ఆ మరుసటి వారం నాకు జ్వరం వచ్చింది. నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. అయినా చెప్పులేసుకున్నాను. మా అమ్మ నాతోనే ఉంటుంది. పెరాక్‌లో తెల్లదొరల కొబ్బరి తోటలో, కూలీల లైన్ల ఇళ్లలో పుట్టిన మనిషి. హాల్లోంచి నన్ను ఆపింది.

"ఇంత జొరంతో ఎక్కడికెల్తన్నావే?"

"కింద క్లినిక్కి. ఎంసీ తెచ్చుకోవాలి. డాక్టరు చీటీ లేకపోతే నాకు జ్వరమని ఆఫీసు నమ్మదు."

అమ్మ నవ్వింది. "అయితే మీ ఆఫీసులో కూడా పెరట్టు ఉందన్నమాట."

పెరట్టంటే తోటలో తెల్లవారకముందే కూలీలను వరసగా నిలబెట్టి వేసే హాజరు. ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. జ్వరానికి దానితో ఏం పని అని అడిగాను.

"జొరమొచ్చినా పెరట్టుకి ఎల్లాలే. వరసలో నిలబడి, గుమాస్తా చూసి చీటీ రాస్తేనే డ్రెస్సరు మందిచ్చేవోడు. ఇంటికాడ తొంగుంటే దొంగజొరం కింద లెక్క. నా తరవాత మా అమ్మ కడుపుతో ఉంది. ఏడో నెల. నొప్పులు మొదలైనా చీటీ కోసం ఎల్లింది. ముందర ఇరవై మంది ఉన్నారు. ఆ వరసలోనే కడుపు పోనాది. మగపిల్లోడు."

"ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగేవు?"

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. దొరెవడూ నా నెత్తిన కూర్చోలేదు, బెదిరించలేదు. కూలీ మనవరాలిని, చదువుకున్నదాన్ని, ఏసీలో కూర్చుని, మా అమ్మమ్మ నిలబడిన వరసను మక్కీకి మక్కీ రాసి, ఇంకెవరో ఆడవాళ్ల ముందు పెట్టాను. పైగా కేకు తిన్నాను. అంత సిగ్గుపడి కూడా కిందికి దిగి, దగ్గేవాళ్ల మధ్య రెండు గంటలు కూర్చుని, నా ఎంసీ నేను తెచ్చుకున్నాను.

జ్వరం తగ్గాక మా బాసును కలిసి నియమం తీసేద్దామన్నాను. హైదరాబాదు అబ్బాయి, నాకంటే పదేళ్లు చిన్న. నన్ను అక్కా అన్నాడంటే ఆ పని కాదని అర్థం.

"అక్కా, నువ్వు చెప్పింది కరెక్టే. కానీ గవర్నమెంటోళ్లు సైన్ చేసిన్రు. వెర్షన్ టూల పెడదాం తియ్."

నిమ్మకు నీరెత్తినట్టున్నాడు. వారం తర్వాత కాల్లో ఆ దేశపు అధికారులిద్దరు, మా బాసు, నర్సు, నేను. వెర్షన్ టూ గురించి మా బాసు అందంగా చెప్పాడు. నేను కుక్కిన పేనులా విన్నాను. అంతా అయ్యాక నర్సు ఒకే ప్రశ్న అడిగింది.

"అది వచ్చేదాకా, నంబరు లేకుండా నొప్పులతో వచ్చిన మనిషిని నేనేం చేయాలి?"

నా నోటి నుంచి మాట వచ్చేసింది. "ముందు మనిషిని చూడండి. నంబరు సంగతి తర్వాత."

"అది రాసివ్వగలరా మేడమ్? నోటిమాట మీద చేస్తే నా ఉద్యోగం పోతుంది."

చాట్‌లో రాశాను. 'నంబరు లేకపోయినా వైద్యం ఆపవద్దు.' పంపేశాను. వెంటనే బాసు నుంచి నాకొక్కదానికే సందేశం వచ్చింది: 'అక్కా, అది తీసెయ్ ప్లీజ్.' ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారని ఆలోచించాను. చాలాసేపేం ఆలోచించలేదు. తీసేశాను. అక్కడ 'ఈ సందేశం తొలగించబడింది' అన్న వాక్యం మిగిలింది. నర్సు తల వంచుకుని ఏదో రాసుకుంటోంది.

మర్నాడు ఆవిడ నుంచి నా ఫోన్‌కి సందేశం వచ్చింది. "మీరు తీసేసేలోపే దాన్ని నా రిజిస్టరులో ఎక్కించుకున్నాను మేడమ్. కింద మీ పేరు, తేదీ వేశాను. ఎవరైనా అడిగితే అదే చూపిస్తాను. ఈ పొద్దున ఇద్దరు వచ్చారు, నంబర్లు లేవు. ఇద్దరినీ చూశాను."

అది చదివి నేను మొదట చేసిన పని, ఆ సందేశం మా బాసుకు కూడా వెళ్లిందేమో చూసుకోవడం. వెళ్లలేదు. ఆ తర్వాతే ఆ ఇద్దరూ ఎలా ఉన్నారో అడగాలని తోచింది. తల్లులూ పిల్లలూ బాగున్నారని జవాబిచ్చింది.

సాయంత్రం ఇంటికెళ్లి, నంబరు లేకపోయినా చూడమని రాశానని అమ్మకు చెప్పాను. అమ్మ నా తల నిమిరింది. తీసేశానని మాత్రం చెప్పలేదు.