మెహజబీన్ టీచర్ చూపుడువేలు

ఆకివీడులో మెహజబీన్ టీచర్ చూపుడువేలు ఎరగనివాళ్ళు లేరు. దగ్గరున్నదాన్ని ముట్టుకుంటే ‘దిస్’, దూరాన ఉన్నదానికేసి వేలు చాపితే ‘దట్’. ఒకటికి మించి ఉన్నాయా, దగ్గరివి ‘దీజ్’, దూరానివి ‘దోజ్’. చిన్న ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి ఏళ్ళ తరబడి ఆవిడ చెప్పిన ఇంగ్లీషంతా ఆ వేలిమీదే నడిచింది. కిటికీలోంచి చేపల లారీలు కనిపించడం ఆలస్యం, పిల్లలంతా చేతులు చాపి "దోజ్ లారీస్!" అని బడి ఎగిరిపోయేలా అరిచేవాళ్ళు.

ఇంట్లోనైనా ఊరుకుంటుందా మహాతల్లి! భర్త అయాజ్ చేపల చెరువుల మీద మోటార్లు బాగుచేసి అలిసిపోయి వచ్చి, "దిస్ చెప్పులు ఎక్కడ పెట్టను?" అని సరదాకి అన్నాడో, అయిపోయాడే. "రెండున్నాయి కదండీ, దీజ్ అనాలి" అనేది. పాపం ఆయన ‘దీజ్’ అనేదాకా అన్నం గిన్నె మూత తీసేది కాదు.

అలాంటి మనిషికి ఈ ఏడు గుండెల్లో రాయి పడింది. బడి కరస్పాండెంట్ బుచ్చిబాబుగారు ఏలూరు నుంచి బీఈడీ చేసిన అమ్మాయిని తెస్తున్నారట. మెహజబీన్‌ని నర్సరీ పిల్లల్ని చూసుకోమంటారట. కబురు మోసుకొచ్చింది తెలుగు టీచర్ ప్రసన్నకుమారి.

"బుధవారం మీ క్లాసులో కూచుని చూస్తారంటండీ. చూశాకే తేలుస్తారంట" అంది.

మెహజబీన్ పైకి నవ్వేసింది గానీ, లోపల ఏడుపొచ్చింది. నర్సరీ తక్కువని కాదు. తన నాలుగో తరగతిని వదులుకోవడం ఆవిడ వల్ల కాదు.

బుధవారం బుచ్చిబాబుగారు వచ్చి వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. బల్ల, సుద్దముక్కలు, ఫ్యాను, లారీలు అన్నీ చకచకా అయిపోయాయి. పిల్లలు ఒక్క తప్పూ చెప్పలేదు. హమ్మయ్య అనుకుంటూండగా ఆయన గొంతు సవరించుకున్నారు.

"వస్తువులు సరేనండీ. నా గురించి చెప్పించండి. ఇంత దూరంలో ఉన్నాను కదా, దట్‌తో చెప్పించండి చూద్దాం."

అంతే! పిల్లలంతా చేతులు వెనక్కి దాచుకున్నారు. ‘దట్’ అంటే వేలు చాపాలి. టీచర్ నేర్పిందే అది. కానీ పెద్దాయనకేసి వేలు చాపడమా! ఇంట్లో ఆ పని చేస్తే చేతిమీద ఒక్కటిచ్చే అమ్మల పిల్లలాయె. ధైర్యం చెబుదామని మెహజబీన్ తనే చెయ్యెత్తింది. ఆ వేలు సగం దూరం వెళ్ళి, సిగ్గుపడి, తలమీది చున్నీ సర్దేసి దిగిపోయింది. లారీల మీదికే తప్ప పెద్దవాళ్ళ మీదికి అది ఎన్నడైనా వెళ్తేనా! అయిపోయింది నా నాలుగో తరగతి, అనుకుందావిడ.

అప్పుడు సాయిప్రియ అనే పిల్ల లేచింది. బెంచీల మధ్యనుంచి నడిచి బుచ్చిబాబుగారి పక్కకెళ్ళి, చొక్కా చెయ్యి మెల్లిగా ముట్టుకుని, "దిస్ ఈజ్ అవర్ కరస్పాండెంట్ సార్" అంది.

"దట్ అనమన్నాను కదమ్మా?"

"మీకేసి వేలు చాపకూడదండీ. అందుకే దగ్గరికొచ్చేశానండీ."

మిగతా పిల్లలకి దారి దొరికింది. తోసుకుంటూ వచ్చి తలా ఒక చెయ్యీ వేసి ‘దిస్ ఈజ్’ అందుకున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా కాస్తా గంగలో కలిసింది.

మెహజబీన్ తల దించుకుంది. "దట్ వచ్చండీ వీళ్ళకి. మీమీద వేలు చాపడమే నేను నేర్పలేకపోయానండీ."

"ఏమంత కష్టం? నేను చెప్తాను చూడండి" అని లేచారు బుచ్చిబాబుగారు. టీచర్ వైపు తిరిగి, "దట్ ఈజ్..." అంటూ చెయ్యెత్తారు. వేలు విప్పబోయారు. విచ్చుకుంటే ఒట్టు! ఆయన చెయ్యి దించేసి, బోర్డు దాకా నడిచి వెళ్ళి, ఆవిడ పక్కన నిలబడ్డారు.

"దిస్ ఈజ్ అవర్ ఫోర్త్ క్లాస్ ఇంగ్లీష్ టీచర్" అన్నారు.

మెహజబీన్ చున్నీ అంచుతో కళ్ళొత్తుకుంది.

"ఈ ఏడు కూడానా అండీ?"

"ఈ ఏడూ, పై ఏడూనండీ" అన్నారాయన.