వైద్యురాలు తిరిగిన ఇళ్ళు

మా ఆయన పళ్ళు కడతాడు. నోట్లో కాదు, బల్ల మీద. దంత వైద్యులు తమ దగ్గరికి వచ్చినవాళ్ళ నోటి అచ్చులు తీసి డబ్బాల్లో పెట్టి పంపిస్తే, ఈయన వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు మలిచి, ఒక్కొక్క పన్నూ గుచ్చి, సెట్టు తయారు చేసి వెనక్కి పంపుతాడు. ఎదురుగా మనిషి ఉండడు, దవడ ఒక్కటే ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ దవడలతో కాపురం చేస్తున్నా ఆయనకి తన నోరు విప్పడం మాత్రం రాలేదు. ఏమడిగినా "ఊఁ", బాగా కోపం వస్తే "సరే". పెళ్ళయిన కొత్తలో పిచ్చిదాన్ని, ఆ "సరే" వినగానే మురిసిపోయేదాన్ని.

అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి వేరే మనిషైపోతాడు. బల్ల మీది ప్లాస్టర్ పొడి తడిగుడ్డతో తుడిచి, అరగదీసే మోటారు మీద గుడ్డ కప్పి, చుట్టూ కుర్చీలు వేస్తాడు. ఆట మొదలవుతుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇది నలుగురూ కూర్చుని నడుపుకునే కథ. ఎదురుగా ఏముందో ఆయన చెబుతాడు, మా వేషాల్లో ఉండి ఏం చేస్తామో మేం చెబుతాం, అది కుదిరిందో బెడిసికొట్టిందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథలో ఒక కోట ఊరు. ఆ ఊళ్ళోవాళ్ళ గొంతులన్నీ మా ఆయనవే. రాజుగారివీ, సత్రం ముసలావిడవీ, ఆఖరికి గాడిద అరుపు కూడా. "ఆ గాడిదతో మాట్లాడినన్ని మాటలు నాతో ఏనాడైనా మాట్లాడారా?" అని ఒకసారి దెప్పాను. "సరే" అన్నాడు.

ఆడేవాళ్ళం నలుగురం. బస్సు డ్రైవరు సేనాధిపతి వేషం. వారమంతా బ్రేకు తొక్కీ తొక్కీ విసిగిపోతాడు కాబట్టి ఆటలో అడ్డమొచ్చినదాన్నల్లా గుద్దుకుంటూ పోతాడు. బళ్ళో లెక్కలు చెప్పే మేడం మాంత్రికురాలు. వీళ్ళిద్దరూ నిరుడు వచ్చి చేరారు. నేను దొంగని. ఇక నాలుగోది మా వదిన, మా ఆయనకి సొంత అక్క. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆటలో కూడా వైద్యురాలి వేషమే అడిగి తీసుకుంది. "ఇంకో పని నాకు చేతకాదమ్మా" అంది నవ్వుతూ.

మా బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఒకసారి చెప్పిందీ, ఒకసారి పాచిక మీద పడిందీ వెనక్కి తీసుకోకూడదు. దీని మీద మా ఆయనకి ఎంత పట్టుదలంటే, ఒకసారి నా దొంగ అటక మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే, సొంత పెళ్ళాన్నని కూడా చూడకుండా ఆరు ఆదివారాలు కుంటించాడు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఒకరోజు డబ్బాలు సర్దుతుంటే ఆయన నోటుపుస్తకం కనబడింది. తెరిచి చూశాను, దొంగ వేషం ఊరికే ఇచ్చారా నాకు? కోట ఊరికి మహమ్మారి రాబోతోంది. పేజీలకి పేజీలు రాసి పెట్టుకున్నాడు. వీళ్ళు పారిపోతే ఏం చేయాలి, రోగుల వీధి తగలబెడతామంటే ఏం చేయాలి, ఒకరి మీద ఒకరు విరుచుకుపడితే ఎలా సర్దాలి, అన్నిటికీ జవాబులున్నాయి. పుస్తకం చటుక్కున మూసేశాను.

ఎందుకంటే రెండేళ్ళ కిందట మా ఊళ్ళో నిజంగానే జ్వరాలు వచ్చాయి. వదిన ఆ వార్డులోనే పనిచేసేది. మా అత్తగారు వదిన దగ్గరే ఉండేది. వదిన ఇంటికి రాగానే పెరట్లోనే స్నానం చేసి, బట్టలు నానబెట్టి, అప్పుడు గడప తొక్కేది. అయినా అత్తగారికి జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులకి పోయింది. ఆసుపత్రి గేటు లోపలికి ఎవరినీ రానివ్వలేదు. మా ఆయన ఆ తొమ్మిది రోజులూ గేటు బయట నిలబడ్డాడు. జ్వరం ఇంటికి ఎలా వచ్చిందనే మాట ఆనాటి నుంచి ఈనాటి వరకూ అక్కాతమ్ముళ్ళ మధ్య రాలేదు.

"ఇది వద్దండీ" అన్నాను. "బల్ల దగ్గర వదిన ఉంటుంది."

"అక్క రోజూ చూసేదేగా. ఆమెకిదో లెక్కా?"

"రోజూ చూస్తుంది కాబట్టే వద్దంటున్నాను."

"ఆట ఆటే" అన్నాడు. నెత్తీ నోరూ బాదుకున్నా చెవిన వేసుకోలేదు.

మొదటి ఆదివారం మహమ్మారి వచ్చింది. డ్రైవరు వెంటనే కోట తలుపులు మూయించి, "ఆ జబ్బు పడ్డ నేతగాళ్ళ వీధి తగలబెట్టెయ్యండి మాస్టారూ, పీడా పోతుంది" అన్నాడు. "లోపల మనుషులున్నారండీ" అని నేనంటే, "అయితే ముందు పక్కకి జరగమనండి" అన్నాడు, బస్సులో చెప్పినట్టు. మేడం కాగితం మీద గళ్ళు గీసి రోజుకెంతమంది పడుతున్నారో రాసుకోవడం మొదలుపెట్టింది. నేను ఖాళీ ఇళ్ళలో వెండి గిన్నెలు ఏరుకున్నాను. తిట్టుకోండి, వేషమే అది. మా ఆయన ఒక్కొక్కరికీ ఓపిగ్గా బదులిస్తూ, డ్రైవరుని కసరకుండానే ఆ వీధిలో ఉయ్యాల ఊగుతున్న చప్పుడు వినిపించి చల్లబరిచాడు. నిజం చెప్పొద్దూ, ఆ నేర్పు చూసి ముచ్చటేసింది.

వదిన ఒకటే అడిగింది. "రోగుల దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

"అయితే నేను వెళ్తాను. మొదటి ఇంటి నుంచి."

ఇంటింటికీ తిరిగింది. కషాయాలు పట్టింది, చేతులు పట్టుకు కూర్చుంది. వదిన పాచికలు బాగానే పడ్డాయి, అయినా ప్రతిసారీ మా ఆయన కోట ఊరి పటం మీద కొత్త ఇళ్ళకి ఎర్ర చుక్కలు పెడుతూనే ఉన్నాడు.

రెండో ఆదివారం మేడం కాగితాన్నీ పటాన్నీ పక్కపక్కన పెట్టి చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. కష్టమైన లెక్క తేలినప్పటి వెలుగు ఆవిడ మొహంలో.

"దొరికింది! ఎర్ర చుక్కలు నర్సమ్మ గారు తిరిగిన వరసలోనే పడుతున్నాయి చూడండి! మహమ్మారిని ఇంటింటికీ మోస్తున్నది వైద్యురాలే!"

డ్రైవరు బల్ల మీద గుద్ది, "అమ్మ మాస్టారూ, ఏం వేశారండీ మెలిక!" అన్నాడు. మా ఆయన మొహంలో చిన్న నవ్వు. నెల రోజుల శ్రమ ఫలించిన నవ్వు. ఆ క్షణంలో ఆ నవ్వు చూసి నాకు ఆయన మీద అసహ్యం కలిగింది. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

వదిన పాచిక కింద పెట్టింది. "నేను మోసుకెళ్ళిన మొదటి ఇల్లు ఎవరిది?" అంది.

అప్పుడు పోయింది ఆయన నవ్వు. పుస్తకంలోకి చూశాడు. అక్కడ ఏం రాసుందో నేను ముందే చదివాను.

"ఒక ముసలమ్మది" అన్నాడు.

"ఎవరున్నారు ఆవిడకి?"

"కొడుకు."

వదిన తల ఊపి, సంచీ భుజానికి తగిలించుకుంది. "నాకు డ్యూటీ ఉంది" అని వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమెకి సెలవు. డ్రైవరూ మేడమూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, వాళ్ళకేం తెలుసు!

సోమవారం పొద్దున్న పనిగదిలో నిలదీశాను. మైనం దీపం మీద చాకు కాలుస్తూ తల ఎత్తలేదు.

"నిజం చెప్పండి. వదిన వల్లే అత్తయ్య పోయిందని మీ మనసులో ఉందా, లేదా?"

"లేదు" అన్నాడు వెంటనే. అడిగిన మాట పూర్తికాకముందే వచ్చే జవాబుని నేను నమ్మను. అక్కడే నిలబడ్డాను. చాకు చల్లారింది, మళ్ళీ కాల్చాడు, మళ్ళీ చల్లారింది.

"రాస్తున్నప్పుడు తెలీలేదే" అన్నాడు చివరికి. "వైద్యురాలే మోసుకొస్తోందంటే భలే ఉంటుందనుకున్నాను, అంతే. నిన్న అక్క అడిగాక... ఉందనిపిస్తోంది. ఇంకోటి కూడా ఉంది. తొమ్మిది రోజులు నేను గేటు బయట. అక్క లోపల. చివరిదాకా చెయ్యి వదలలేదని తనే చెప్పింది కదా. తెచ్చిందీ తనే, దగ్గరున్నదీ తనే. నాకేం మిగిలింది?"

పెళ్ళయినప్పటి నుంచీ ఆయన నోటి వెంట నేను విన్న అతి పెద్ద మాట ఇదే. తిట్టాలని వెళ్ళినదాన్ని స్టూలు మీద కూలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. ఆయనకి రాలేదు.

వారమంతా వదినకి ఫోను చేశాడు. ఎత్తలేదు. డ్రైవరు పాపం ఒక దారి చూపించాడు. "బావి నీళ్ళ వల్ల వచ్చిందని మార్చెయ్యండి మాస్టారూ. ఎవరు అడగొచ్చారు?" మా ఆయన తల అడ్డంగా ఊపాడు. కట్టుబాటు గురించి కాదని నాకు తెలుసు. అక్క అంత తేలిగ్గా మోసపోదు.

వదిన ఇక రాదనే అనుకున్నాం. ఆయనకి అక్క తప్ప తోడబుట్టిన మనిషంటూ ఇంకెవరూ లేరు. అయినా మూడో ఆదివారం ఆమె కుర్చీ కూడా వేశాడు. మూడుంబావుకి వదిన వచ్చింది. ఎవరినీ పలకరించకుండా తన చోట కూర్చుంది.

"నేను ఆ మొదటి ఇంటికి వెళ్తున్నాను" అంది. "ముసలమ్మ ఇంటికి. తలుపు కొడుతున్నాను. కొడుకు తీస్తాడా?"

మా ఆయన పుస్తకం తెరవలేదు. "తీయడు. లోపల్నుంచే మాట్లాడతాడు."

"నా వల్లే వచ్చిందని అతనికి తెలుసా?"

"తెలుసు."

"ఏమంటాడు?"

ఊళ్ళోవాళ్ళందరి గొంతులూ పలికించే మనిషికి ఈసారి వేరే గొంతు రాలేదు. తన గొంతుతోనే అన్నాడు. "నువ్వు కావాలని చేయలేదని తెలుసు. అయినా కోపం తగ్గట్లేదు. నువ్వైనా అమ్మ దగ్గరున్నావు. నేను చూడనైనా లేదు."

డ్రైవరు పాచిక కోసం చెయ్యి చాపాడు. ఒప్పించడానికి పాచిక వెయ్యాలిగా, అతని లెక్క అది. నేను అతని చెయ్యి పట్టుకుని ఆపాను. మేడం అప్పటికే తన కాగితం మడిచేసింది.

వదిన బల్ల అంచుని వేళ్ళతో రుద్దింది. ఆ తర్వాత మెల్లిగా అంది.

"నేను అమ్మ దగ్గర లేనురా. మూడో రోజుకి నాకూ జ్వరం వచ్చింది. నన్ను పై అంతస్తులో పడుకోబెట్టారు. అమ్మ పోయిన సంగతి నాకు మర్నాడు చెప్పారు. చెయ్యి పట్టుకున్నానని నీకు అబద్ధం చెప్పాను. పై కిటికీలోంచి గేటు బయట నువ్వు ఉన్న తీరు చూసి... ఎవరో ఒకరు పక్కన ఉన్నారంటే నీకు కాస్త తేలిగ్గా ఉంటుందనుకున్నాను. నాకు జ్వరం వచ్చిన సంగతీ అందుకే చెప్పలేదు. అమ్మ ఒక్కతే పోయింది."

మా ఆయన మొహం మాడిపోయింది. రెండేళ్ళుగా ఆ చెయ్యి మీద కోపం పెట్టుకుని బతికాడు, ఆ చెయ్యి అసలు అక్కడ లేనే లేదు. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. "సరే" అంటాడేమోనని భయపడ్డాను కూడా.

"కొడుకు గడియ తీస్తున్నాడు" అన్నాడు.

వదిన ఉలిక్కిపడింది. "వద్దు. తలుపు తియ్యకు. నన్ను ముట్టుకుంటే నీకూ అంటుకుంటుంది."

"అంటుకోనీ అక్కా" అన్నాడు మా ఆయన.