దెబ్బ తిన్నవాళ్లకు శాంతి సినిమా

ఈ రోజు ఆరాధన అయ్యాక మా ప్రార్థన మందిరం గోడ మీద పాతకాలపు కథ ఒకటి సినిమాగా వేశాను. ఏ ప్రభుత్వమూ వద్దనే విప్లవకారుడు, దేశం నుంచి వెళ్లగొడితే పరాయి ఊరు చేరి, బాంబు చేతికొచ్చాక కూడా విసరనంటాడు. సినిమా కాగానే, శిష్యుడైన పేతురు చేత కత్తిని ఒరలో పెట్టించిన ప్రభువు గురించి గొంతు చించుకుని చెప్పాను.

మిరపకోతకు వెళ్లే మరియమ్మ లేచి నిలబడింది. కల్లంలో నీళ్ల బిందె ముట్టుకున్నాడని పోయిన వారం ఒక రైతు ఆమె భర్త చెయ్యి విరగ్గొట్టాడు.

"అయ్యగారూ, ఆయన చేతిలో బాంబుంది, కింద పెట్టాడు. మా చేతిలో ఉంది పోలీస్ స్టేషన్‌లో పెట్టిన కేసు కాగితం ఒక్కటేనండి. అదీ వెనక్కి తీసుకోమనా ఈ బొమ్మ?"

"కేసు సంగతి నేనెత్తలేదు కదమ్మా."

"మీరెత్తలేదు లెండి. ప్రొజెక్టర్ ఇచ్చినాయన పొద్దున్నే మా ఇంటికొచ్చి ఎత్తాడు."

ఇచ్చింది ఆ రైతు తమ్ముడే. ఈ సినిమా వేయమన్నదీ అతనే. మా మీద ప్రేమ అనుకున్నాను. చేతిలో తెరిచి ఉన్న బైబిలు మూసేశాను.

ఇన్నేళ్లలో కొట్టినవాడి ఇంటికెళ్లి శాంతి బోధించమని నన్నెవరూ పిలవలేదు. తోటి పాస్టర్లారా, మీలో ఎవరినైనా పిలిచారా? చెప్పండి.