వదిన హాలు, హాఫ్ వైట్

మా ఆడపడుచు ఇందిర తన ఇంటికి తెల్ల రంగు వేయించిన కథ చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానె, నా చీర మీద మరకలు ఇంకా ఉన్నాయి.

ఇందిర వదిన నర్సు. కుప్పంలో ఉద్యోగం మొదలుపెట్టి, పుంగనూరులో కొన్నేళ్ళు చేసి, చివరికి మదనపల్లెకు వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నాతో డ్యూటీ మార్చుకునేవాళ్ళు దొరకలే" అనేది. ఏ ఊళ్ళో ఉన్నా ఆసుపత్రి క్వార్టర్సే. తెల్ల చీర, తెల్ల దుప్పట్లు, తెల్ల గోడలు. రిటైరయ్యే ఏడు నిమ్మనపల్లె రోడ్డులో ఒక హాలు, రెండు గదుల ఇల్లు కట్టుకుంది. జన్మలో మొదటిసారి తన గోడకు ఏ రంగు వేయాలో తనే చెప్పే రోజు వచ్చింది.

"గులాబీ రంగు వేయించు వదినా, కళగా ఉంటాది" అన్నాను.

"ఆ రంగులన్నీ నాకొద్దు కెజియా. తెలుపే కావల్ల. కానీ వార్డు తెలుపు కాదు. పొద్దున కండ్లు తెరస్తానే డ్యూటీకి లేటయిందేమో అని గుండె దడ పుట్టకూడదు. అంతే."

ఆ 'అంతే' అన్న మాట విని నేను సంతోషించాను. చిన్న పనే కదా అనుకున్నాను. బడిపంతులమ్మను, వేసవి సెలవులు, తోడు వస్తానని కూడా అన్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

పుంగనూరులో యువరాజ్ అనే అతనికి పెయింట్ల కొట్టు ఉంది. వాళ్ళమ్మకు కాన్పు చేసి అతన్ని బయటికి తీసింది వదినే కాబట్టి కొంటే అక్కడే కొనాలంది. యువరాజ్ మా ముందు షేడ్ కార్డు పరిచాడు. పేజీలకు పేజీలు తెలుపే. అన్నీ ఒకటే కదప్పా అన్నాను. వాళ్ళిద్దరూ నా వైపు జాలిగా చూశారు. అప్పటినుంచి ఆ కొట్టులో నేను నోరెత్తలేదు.

"సీలింగ్‌కు ఒక తెలుపు, గోడలకు ఒకటి, తలుపులకూ కిటికీలకూ ఇంకోటి పెట్టుకోండమ్మా" అన్నాడు యువరాజ్.

సీలింగ్ సంగతి వదిన చిటికెలో తేల్చేసింది. అందరూ ఆఖర్న చూసుకునేది తను ముందు చూసింది. "మంచంలో పండుకున్నోళ్ళు సూసేది సీలింగే. గోడలు విజిటర్లకు" అని, కళ్ళకు కొట్టని మెత్తని తెలుపు తీసుకుంది. తలుపులకు వెన్న రంగుకు దగ్గరగా ఉన్నది తీసుకుంది. గోడల దగ్గరే బండి ఆగింది.

ఒక్కో తెలుపూ లీటరు డబ్బా కొనుక్కొచ్చి, హాల్లో గోడ మీద ఒక్కో చదరం పూసింది. ప్రతి చదరం పక్కనా దెబ్బలకు అంటించే ప్లాస్టరు ముక్క అంటించి నంబరు వేసింది. ఇక పొద్దునా సాయంత్రమూ రౌండ్లు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో చదరం ముందూ ఆగడం, తల వాల్చి చూడడం, నిట్టూర్చడం.

"ఒకటో బెడ్డు పొద్దున బాగుండాది. సాయంత్రం ఎండ పడితే పచ్చబడతాండాది. కామెర్లు."

"రెండోది?"

"దానికి రక్తం లేదు. పాలిపోయుండాది, సూడు."

"మూడోది తెల్లగా బాగుంది కదా వదినా?"

"ఆ నీలం యాడిదనుకున్నావు? పెదాలు అట్లయితే ఆక్సిజన్ పెట్టాల్సిందే."

నవ్వి నవ్వి నాకు పక్కటెముకలు నొప్పి పుట్టాయి. తర్వాత నాకూ ఆ జబ్బు అంటుకుంది. మా వంటింటి గోడకు నీరు పట్టిందని మా ఆయనతో చెప్పాను. ఆయన ప్లంబరును పిలిచాడు.

కానీ ఒక సాయంత్రం వదిన గోడ ముందు స్టూలు మీద కూలబడి, "సూస్తివా, నా ఇంట్లో కూడా నేను రౌండ్లే తిరగతాండా" అంది. ఆ మాటకు మాత్రం నాకు నవ్వు రాలేదు.

చివరికి యువరాజే మరో రంగు చీటీ చూపించాడు. దానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరుంది కానీ అతను దాన్ని హాఫ్ వైట్ అన్నాడు. వదిన దాన్ని పట్టి పట్టి చూసి, జబ్బేమీ కనపడలేదంది. గృహప్రవేశ ప్రార్థన దగ్గర పడింది. ఆమెకింకా ఆఖరి వారం డ్యూటీలున్నాయి. ఆసుపత్రి నుంచే పెయింటరు రెడ్డెప్పకు ఫోన్ చేసి, "హాలు హాఫ్ వైట్ కొట్టేయప్పా, డబ్బా యువరాజ్ దగ్గర తీసుకో" అంది.

రెడ్డెప్ప జీవితమంతా బళ్ళకూ, హాస్టళ్ళకూ, ఆసుపత్రులకూ రంగులేసిన మనిషి. అక్కడ హాఫ్ వైట్ అంటే ఒకటే అర్థం. పై సగం తెలుపు, కింది సగం ఆయిలు పెయింటు. పాపం, అతని తప్పేముంది. యువరాజ్ కొట్టుకు వెళితే తాళం. చుట్టాల పెళ్ళికని ఇంటిల్లిపాదీ కుప్పం వెళ్ళిపోయారు. తెలుపంటే తెలుపే కదా అని దారిలో దొరికిన డ్రమ్ము తీసుకొచ్చి పని మొదలుపెట్టాడు.

ప్రార్థన రేపనగా మధ్యాహ్నం మేమిద్దరం తలుపు తీసేసరికి హాలు చుట్టూ పై సగం కళ్ళు చెదిరే తెలుపు. ఎదుటి గోడకు కింది సగం ఆకుపచ్చ, తడి తడిగా. మంచాలూ సెలైన్ స్టాండ్లూ తప్ప ఏ లోటూ లేదు.

"సిస్టరమ్మ ఇల్లు గదా అని ఆసుపత్రి పచ్చే తెచ్చినా" అన్నాడు రెడ్డెప్ప, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ. "మీకు అలవాటైన రంగు."

వదిన ముఖం చూసి నాకు భయం వేసింది. తలకిందులైన డబ్బా మీద కూర్చుంది. ముందు భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుంటూ, ఊపిరాడక, రెడ్డెప్ప చెయ్యి పట్టుకుని మరీ నవ్వుతోంది. నేనూ మొదలుపెట్టాను. రెడ్డెప్పకు విషయం అర్థమయ్యాక అతనూ ఆగలేకపోయాడు.

"నవ్వింది సాలు. ఇప్పుడేం సేద్దాం?" అంది వదిన.

కొట్టు తెరిచేది ఎల్లుండి. తనకు నచ్చిన హాఫ్ వైట్ డబ్బా లోపలే ఉంది. మా దగ్గరున్నవి డ్రమ్ములో మిగిలిన తెలుపు, సీలింగ్‌కు వేయగా మిగిలింది, ఆ వద్దనుకున్న లీటరు డబ్బాలు. వదిన వాటి వంక చూసింది.

"అన్నీ డ్రమ్ములో పోసేయ్ రెడ్డెప్పా."

"అన్నీనా సిస్టరమ్మా?"

"కామెర్లు, రక్తం లేంది, ఆక్సిజన్ లేంది, అన్నీ పోసి కలిపేయ్. ఒకరికి లేంది ఇంకొకరు ఇచ్చుకుంటారు."

ఆకుపచ్చను కిరసనాయిలు గుడ్డలతో తుడిచి, సాండ్ పేపరు పట్టాం. వదిన, నేను, రెడ్డెప్ప తలా ఒక గోడ పట్టుకుని రోలర్లు దొర్లించాం. నాలుగో గోడ రెడ్డెప్పకే మిగిలింది. నా వాటా పైనుంచి నా చీర మీదికి సగం కారింది. సాయంత్రం ఎండ కిటికీలోంచి పడేసరికి పని అయిపోయింది. ఆ గోడ పచ్చబడలేదు, పాలిపోలేదు, నీలమెక్కలేదు. ఏ కార్డులోనూ లేని తెలుపు. నేను చప్పట్లు కొట్టాను. సిగ్గు లేకుండా రెండుసార్లు కొట్టాను.

"ఇంక పద వదినా, తెల్లారి వద్దాం" అన్నాను.

"ఆపరేషనయిన పేషంటును వదిలిపెట్టి పోతారా? ఆరేదాకా నేను ఈడ్నే ఉంటా. ఇదే నా ఆఖరి నైట్ డ్యూటీ." కిటికీలన్నీ తెరిచి, హాలు మధ్యలో చాప పరుచుకుంది.

పొద్దున పాస్టరుగారిని, మా ఆయన్ని, సంఘం వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాను. తలుపు మూసే ఉంది. తట్టాను. పిలిచాను. ఎవరూ పలకలేదు. కోడి కూయకముందే లేచే మనిషి. పరుగున కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను.

వదిన చాప మీద వెల్లకిలా పడుకుని, నోరు కొంచెం తెరిచి, గురక పెడుతోంది. ముప్పై ఏళ్ళకు పైగా నైట్ డ్యూటీలో ఒక్కసారి కూడా కునుకు తీయని మనిషి.

"వదినా" అని మెల్లగా పిలిచాను.

కళ్ళు తెరిచింది. సీలింగ్ చూసింది. గోడలు చూసింది. లేవాలన్న తొందర ముఖంలో ఎక్కడా లేదు.

"ఎవురిల్లు కెజియా ఇది?"

"నీదే వదినా. అందరూ వచ్చేశారు."

"అట్లనా" అని పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుంది. "అయితే పాస్టరుగారిని కొంచేపు కూర్చోమను."